బూడిదరంగు ఉన్నన్నాళ్లే: లిన్‌లిత్‌గో చెరువులో ఒక హంసల కాపురం

జనవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం లిన్‌లిత్‌గో చెరువు గట్టున నిలబడి ఉన్న నలుగురైదుగురం ఒకే దృశ్యాన్ని చూసి ఇంచుమించు ఒకే మాట అనుకున్నాం. ఒక పెద్ద మగహంస, రెక్కలను వీపుమీద తెరచాపల్లా ఎత్తి, మెడను వెనక్కి ముడుచుకొని, మరో హంస మీదికి దూసుకుపోతోంది. మామూలుగా ఈదేటప్పుడు హంస ఒక కాలి తర్వాత ఒక కాలు ఆడిస్తుంది; ఇది రెండు కాళ్లతో ఒకేసారి నీటిని తన్నుతోంది కాబట్టి, దాని రొమ్ముకింద నీరు కుదుపులు కుదుపులుగా చీలిపోతోంది. పారిపోతున్నది పరాయి పక్షి కాదు. ఒళ్లు చాలావరకు తెల్లబడినా మెడమీదా రెక్కలమీదా ఇంకా మట్టిరంగు మరకలు మిగిలి ఉన్న ఆ పక్షి, ఎనిమిది నెలల కిందట అదే మగహంస కుక్కలనుంచీ కాకులనుంచీ కాపాడిన సొంత పిల్ల. నా పక్కన ఉన్న పెద్దావిడ, ఇంత ప్రేమగా పెంచి ఇదేం పని అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. అయిదు నెలలు కంటికి రెప్పలా కాచుకున్న తల్లిదండ్రులు ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో అదే పిల్లను శత్రువులా ఎందుకు తరుముతారు? ప్రేమ అయిపోయిందనో, బుద్ధి చెబుతున్నారనో అనుకుంటే సులువుగా ఉంటుంది కానీ, అవి మన ఇళ్లలోంచి తెచ్చిపెట్టిన జవాబులు. హంసల వైపునుంచి చూస్తే జవాబు మూడు చోట్ల దొరుకుతుంది: చెరువు అడుగున పెరిగే నాచులో, పెద్దపక్షులు ఏటా రాల్చుకునే ఈకల్లో, పిల్లల ఒంటి రంగులో. ఆ మూడింటినీ కలిపి చూడాలంటే వసంతం నుంచి మొదలుపెట్టాలి.

ముందు స్థలం గురించి రెండు మాటలు. స్కాట్లండ్‌లో చెరువునూ సరస్సునూ, కొన్నిచోట్ల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనూ కూడా 'లోఖ్' అనే అంటారు. లిన్‌లిత్‌గో లోఖ్ ఎడిన్‌బరా నుంచి గ్లాస్గో వెళ్లే రైలుదారిలో, ఎడిన్‌బరాకు ఇరవై నిమిషాల దూరంలో ఉంది. దక్షిణపు గట్టున పైకప్పు లేని పాత రాజభవనం. 1542 డిసెంబరులో స్కాట్లండ్ రాణి మేరీ పుట్టింది అందులోనే. చెరువు చుట్టూ కాలిబాట ఉంది, తీరిగ్గా నడిస్తే గంట పడుతుంది. ఊరు ఆనుకొనే ఉండటంవల్ల ఇక్కడి హంసలకు మనుషులంటే బెరుకు లేదు. అందుకే దుర్భిణి లేకపోయినా ఒక కుటుంబాన్ని ఏడాది పొడుగునా దగ్గరగా గమనించవచ్చు.

ఇక హంస అనే మాట. మన కావ్యాల్లో పాలనూ నీళ్లనూ వేరుచేసిన హంస, దమయంతికి నలుడి కబురు మోసిన హంస, ఈ పక్షి కాకపోవచ్చు. సంస్కృతపు 'హంస'కూ లాటిన్ 'అన్సెర్'కూ జర్మన్ 'గాన్స్'కూ మూలం ఒక్కటే. ఆ రెండు భాషల్లోనూ దాని అర్థం పెద్దబాతు. తలమీద రెండు నల్లచారలతో, హిమాలయాలను దాటి చలికాలంలో మన దక్కను చెరువులకు వచ్చే పెద్దబాతే పాత కవుల హంస అని చాలామంది పండితుల అభిప్రాయం. నేను చెబుతున్నది దక్షిణ భారతంలో జంతుప్రదర్శనశాలల్లో తప్ప కనిపించని తెల్లహంస గురించి. ఇంగ్లిషువాళ్లు దీన్ని మూగహంస అంటారు గానీ అది మూగది కాదు. బుసకొడుతుంది, గురకపెడుతుంది, పిల్లలను మెత్తని గొంతుతో పిలుస్తుంది. ఎగిరేటప్పుడు దీని రెక్కలనుంచి వచ్చే లయబద్ధమైన హోరు చాలా దూరం వినిపిస్తుంది. గొంతెత్తి అరుచుకుంటూ ఎగిరే తక్కిన ఉత్తరాది హంసలతో పోలిస్తే మాత్రమే దీనికి మూగ అనే పేరు నప్పుతుంది.

ఫిబ్రవరి చివరికల్లా ఆలుమగలు చెరువులో తమ వాటాను కాపలా కాయడం మొదలుపెడతాయి. మగదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: ముక్కు మొదట్లో నల్లటి బుడిపె రెండింటికీ ఉన్నా మగదానిది పెద్దది, వసంతంలో ఇంకా ఉబ్బుతుంది. గూడు కట్టే తీరు చూడ ముచ్చటగా ఉంటుంది. మగహంస జమ్ము, రెల్లు తుంచి, నడిచి వెళ్లి పేర్చదు. మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి విసురుతుంది, దాన్ని ఆడహంస అందుకొని తన వెనక్కి విసురుతుంది, అలా గడ్డి చేతులు మారుతూ గూటికి చేరుతుంది. కొన్ని రోజుల్లో అది మనిషి కాళ్లు చాపుకొని పడుకోగలిగినంత వెడల్పు దిబ్బ అవుతుంది. నిరుటి గూడు మిగిలి ఉంటే దానిమీదే కొత్తగా పేరుస్తాయి.

ఏప్రిల్‌లో గుడ్లు పెడుతుంది. సాధారణంగా అయిదు నుంచి ఏడు. లేత ఆకుపచ్చ నీడతో, ఒక్కొక్కటి మూడువందల గ్రాములకు పైబడి తూగుతుంది. గుడ్డుకీ గుడ్డుకీ మధ్య దాదాపు రెండురోజుల ఎడం ఉంటుంది కాబట్టి ఆరు గుడ్లు పూర్తయ్యేసరికి పదిరోజులు దాటుతుంది. ఇక్కడే ఒక చిక్కు లెక్క ఉంది. మొదటి గుడ్డు పెట్టిన రోజునుంచే పొదగడం మొదలుపెడితే మొదటి పిల్ల, ఆఖరి పిల్లకన్నా పదిరోజులు ముందే బయటికి వస్తుంది. ఒకటి ఈదుతుంటే ఇంకొకటి గుడ్డులో ఉంటుంది. తల్లి ఎటు పోవాలో తెలియని పరిస్థితి. అందుకని ఆడహంస చివరి గుడ్డు పెట్టేదాకా సరిగ్గా పొదగదు. వెచ్చదనం తగలనంతవరకు గుడ్డులోని జీవం ఎదగకుండా ఆగి ఉంటుంది. చివరి గుడ్డుతో లెక్క అందరికీ ఒకేసారి మొదలై, ముప్ఫయ్యయిదు నుంచి నలభై రోజుల తర్వాత అన్నీ దాదాపు ఒకటిన్నర రోజులోపే పగులుతాయి. పది పన్నెండు రోజుల తేడాతో పెట్టిన గుడ్లనుంచి ఒకే ఈడు పిల్లలు వచ్చే ఈ ఏర్పాటు లేకపోతే, చెరువులో మనం చూసే ఆ పొందికైన వరుస ఉండదు.

ఆ అయిదారు వారాలు ఆడహంసకు దాదాపు ఉపవాసమే. రోజులో కొద్దిసేపు లేచి, గుడ్లమీద మెత్తని ఈకలూ గడ్డీ కప్పి, నీళ్లలోకి దిగి నాలుగు మెతుకులు తిని వస్తుంది. ఆ కాసేపు మగహంస గూటిమీద కూర్చుంటుంది. మిగతా సమయమంతా ఆడహంస చలికాలంలో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకురావాలి. ఆరు గుడ్లంటే రెండు కిలోల పైమాట, పెట్టే పక్షి బరువు ఎనిమిది తొమ్మిది కిలోలు. వాటిని పెట్టడమూ పొదగడమూ రెండూ ఆ దాపరికంనుంచే జరగాలి. అంటే ఏప్రిల్‌లో ఎన్ని గుడ్లు వస్తాయన్నది, జనవరి ఫిబ్రవరి నెలల్లో ఆ ఆడహంసకు ఎంత మేత దొరికిందన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. చలికాలపు మేత మీద పోటీ ఎందుకంత తీవ్రంగా ఉంటుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చివర్లో దీని అవసరం పడుతుంది.

నేను గమనించిన జంటకు ఆరుగురు పిల్లలు పుట్టారు. మే మూడో వారంలో, వాన వెలిసిన ఒక సాయంత్రం, తల్లి గూటిమీదే ఉంది. దాని రెక్క అంచు కాస్త కదిలి, ఈకల సందులోంచి బూడిదరంగు తల ఒకటి బయటికి వచ్చింది, నల్లటి చిన్న ముక్కు, దానిమీద గుడ్డు పెంకును పగలగొట్టడానికి పనికొచ్చిన తెల్లటి మొన ఇంకా రాలిపోలేదు. అది బయటి లోకాన్ని రెండు క్షణాలు చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మర్నాటికి ఆరూ నీటిలో ఉన్నాయి. పుట్టినప్పుడు హంసపిల్ల బరువు రెండువందల పాతిక గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటి కొన్ని రోజులు కడుపులో మిగిలిన పచ్చసొన దానికి ఆసరా. కానీ తిండి మాత్రం మొదటిరోజునుంచీ సొంతంగానే ఏరుకోవాలి, ఎందుకంటే పిచ్చుకల్లా కాకుల్లా హంసలు పిల్లల నోట్లో మేత పెట్టవు. అవి చేసే సాయం వేరే రకం. పిల్లల మెడ నీటిలో జానెడు లోతుకు కూడా అందదు, నాచు ఉన్నది మీటరు లోతున. ఇరవైకి పైగా వెన్నుపూసలున్న పొడవాటి మెడతో పెద్దహంస ఆ లోతునుంచి నాచు పెకలించి, తాను తిన్నంత తిని, మిగతాది నీటిమీద వదులుతుంది. గట్టువైపు లోతు తక్కువ ఉన్నచోట నిలబడి కాళ్లతో అడుగు మట్టిని తొక్కి కలిపితే, అందులోని నాచు ముక్కలూ పురుగులూ పైకి తేలతాయి. పిల్లలు వాటి చుట్టూ మూగి ఏరుకుంటాయి.

తల్లి వీపుమీద ఎక్కి కూర్చోవడం ఫొటోలకు బాగుంటుంది గానీ అది గారాబం కోసం పుట్టిన అలవాటు కాదు. స్కాట్లండ్‌లో మే నెల నీళ్లు చల్లగా ఉంటాయి, పిల్లల ఒంటిమీది నూగు పెద్ద ఈకల్లా నీటిని పూర్తిగా ఆపలేదు. రెక్కల మధ్య అరగంట కూర్చుంటే ఒళ్లు ఆరుతుంది, వెచ్చబడుతుంది, పైగా నీటికింద పొంచి ఉండే పైక్ చేపకు దొరకదు. హంసతూలికా తల్పం అని మనవాళ్లు ఎవరికోసం అన్నారో గానీ, దానిమీద మొదటి హక్కు ఈ పిల్లలదే.

అయినా మొదటి నెలలోనే నష్టం ఎక్కువ. నక్క, మింక్ అనే ముంగిసలాంటి జంతువు, పెద్ద సముద్రకాకులు, పైక్ చేప, వీటికి తోడు మూడురోజులు విడవని చలివాన. నేను చూసిన ఆరింటిలో జూన్ మధ్యకు నాలుగు మిగిలాయి. ఏం జరిగిందో గట్టునున్న ఎవరూ చూడలేదు, ఒకరోజు ఆరు, ఇంకోరోజు అయిదు, వారం తిరిగేసరికి నాలుగు. పరాయి మగహంస కూడా ప్రమాదమే. పక్క జంట వాటాలోకి దారితప్పి వెళ్లిన పిల్లను ఆ మగహంస నీటిలో ముంచి చంపడం అరుదైన విషయమేమీ కాదు. రాజభవనం నీడలో తేలే ఆ తెల్లటి ప్రశాంతత వెనక ఉన్న లెక్క ఇది. దీన్ని చూసి హంసలమీద మనసు విరుచుకోనక్కర్లేదు గానీ, తెలియనట్టు నటించడం కూడా సరికాదు.

జులైలో ఇంకో చిక్కు వస్తుంది, చాలామంది గమనించని చిక్కు. పక్షి ఈక గోరులాంటిది. ఒకసారి పెరిగాక దానికి ప్రాణం ఉండదు, అరిగితే బాగుపడదు, కాబట్టి ఏటా రాల్చి కొత్తవి మొలిపించుకోవాలి. కాకి, గద్ద వంటివి రెక్క ఈకలను ఒకటి రెండుగా మార్చుకుంటాయి, ఎగరడం ఆగదు. పదికిలోల హంసకు అది కుదరదు. రెక్కలో కొన్ని ఈకలు లేకపోతే అంత బరువును గాలిలో నిలపడం కష్టం. అందుకే అది ఎగిరే ఈకలన్నింటినీ ఒకేసారి రాల్చేసి, ఆరేడు వారాలపాటు నేలకు కట్టేసినట్టు ఉండిపోతుంది. ఆలుమగలు రెండూ ఒకేసారి రాలిస్తే పిల్లలకు దిక్కెవరు? అందుకని వంతులు. పిల్లలు పుట్టిన కొన్ని వారాలకు తల్లి మొదట రాలుస్తుంది. దాని ఈకలు దాదాపు తిరిగి వచ్చాక తండ్రి మొదలుపెడుతుంది. ఏ సమయంలోనైనా రెక్కలు విసిరి భయపెట్టగల పక్షి ఒకటి కాపలాకు ఉంటుంది. ఆగస్టులో మీరు ఒక హంసల కుటుంబాన్ని చూసి, మగదాని రెక్కలు వీపుమీద పొట్టిగా, అంచులు కుదురుగా లేకుండా కనిపిస్తే, దానికి ఏదో దెబ్బ తగిలిందని కంగారుపడవద్దు. ఒక కాలిని వీపుమీదికి మడిచి పెట్టుకొని ఒంటికాలితో తేలుతున్నా అంతే; కాలు విరగలేదు, హంసలకు అది మామూలే.

ఇంగ్లండ్‌లో థేమ్స్ నదిమీద ప్రతి జులైలో రాజుగారి పక్షాన పడవలమీద వెళ్లి హంసలను పట్టి లెక్కించే ఆచారం ఉంది. అది ఆ నెలలోనే జరగడానికి పెద్దవి చాలావరకు ఎగరలేని రోజులు కావడం, పిల్లలు పట్టుకోవడానికి తగినంత పెరిగి, ఎగరగలిగేంత పెరగకపోవడం కారణాలు. ఆచారాలకు పక్షిశాస్త్రం ఇలా వెనకనుంచి ముహూర్తం పెడుతుంది. బ్రిటన్‌లోని హంసలన్నీ రాజుగారివే అన్న మాట మాత్రం సగమే నిజం. ఆ హక్కు ఇంగ్లండ్, వేల్స్‌ల బహిరంగ జలాల్లో గుర్తు వేయని మూగహంసలకు సంబంధించినది. లిన్‌లిత్‌గో హంసలకు రక్షణ 1981 నాటి వన్యప్రాణి చట్టం నుంచి వస్తోంది.

వేసవిలో పిల్లల ఎదుగుదల చూస్తే నమ్మబుద్ధి కాదు. మేలో అరచేతిలో పట్టినవి అక్టోబరుకు ఏడెనిమిది కిలోలు తూగుతాయి. ఈ వేగానికి కావలసినదంతా ప్రధానంగా ఆకూ నాచూనే. పెద్దహంస రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత తింటుంది. పెరిగే నాలుగు పిల్లలను కలిపితే ఆ కుటుంబం రోజూ ఒక గోనెసంచికి దగ్గరగా చెరువు అడుగును ఖాళీ చేస్తుందన్నమాట. లిన్‌లిత్‌గోకు ఈ విషయంలో ఒక దిగులు ఉంది. చుట్టుపక్కల పొలాలనుంచీ ఊరినుంచీ ఏళ్ల తరబడి వచ్చి చేరిన భాస్వరం వల్ల వేసవిలో నీలి-ఆకుపచ్చ తెట్టు కడుతుంది, కుక్కలను నీళ్లలోకి వదలవద్దని గట్టున హెచ్చరిక బోర్డులు పెడతారు. తెట్టు కమ్మితే వెలుగు అడుగుకు చేరదు, వెలుగు లేకపోతే అడుగు నాచు బతకదు, నాచు లేకపోతే హంసకు ఎంత పెద్ద చెరువైనా ఒట్టి నీళ్లే.

రొట్టెముక్కల గొడవ కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. హంసలకు రొట్టె వేస్తే రెక్కలు వంకరపోతాయని, వేయకూడదని ఒక ప్రచారం బ్రిటన్‌లో బాగా పాకింది. ఆక్స్‌ఫర్డ్ పక్షిశాస్త్రవేత్త క్రిస్టఫర్ పెరిన్స్ 2018లో దానికి ఎదురు చెప్పారు: వందల ఏళ్లుగా హంసలు రొట్టె తింటున్నాయి, రెక్కల వంకరకూ రొట్టెకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు, పైగా ఈ ప్రచారంవల్ల చలికాలంలో కొన్ని హంసలు ఆకలితో మాడుతున్నాయి. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది, రెండు షరతులతో. బూజు పట్టిన రొట్టె విషమే. తినగా మిగిలి మునిగిపోయే రొట్టె, ఇప్పటికే భాస్వరం ఎక్కువై తెట్టు కడుతున్న చెరువుకు ఇంకాస్త ఎరువు. పాలకూర, గోధుమగింజలు వేయడం అన్నివిధాలా మేలు.

రెక్కలొస్తే పిల్లలు ఎగిరిపోతారని మనం అంటాం. హంసల విషయంలో ఆ సామెత తలకిందులవుతుంది. నాలుగున్నర, అయిదు నెలల వయసులో, అంటే అక్టోబరు ప్రాంతంలో, పిల్లలు నీటిమీద పరిగెత్తుతూ పాదాలతో నీటిని కొడుతూ మొదటిసారి గాలిలోకి లేస్తాయి; చెరువు ఈ కొసనుంచి ఆ కొసకు పోయి, పాదాలను మంచుమీద జారే పలకల్లా ముందుకు చాపి దిగుతాయి. ఎగరగలవు. కానీ పోవు. తల్లిదండ్రుల వెంటే తిరుగుతాయి, వాటి పక్కనే మేస్తాయి. నవంబరులో చూసినప్పుడు తండ్రి వాటిని పట్టించుకోకుండా పక్కనుంచి ఈదుకుపోయేది. డిసెంబరులో ఒకసారి మెడ చాచి ముక్కుతో పొడిచింది. జనవరికి నేను మొదట చెప్పిన తరుముడు మొదలైంది.

ఈ రెండునెలల్లో మారినదేమిటి? పిల్లల గుణం కాదు, రంగు. హంసపిల్ల మొదట బూడిదరంగు నూగుతో పుడుతుంది, తర్వాత గోధుమవన్నె ఈకలు వస్తాయి, మొదటి చలికాలంలో అవి రాలుతూ తెల్ల ఈకలు చోటు తీసుకుంటాయి. ముక్కు కూడా నలుపునుంచి మసక గులాబీకి తిరుగుతుంది. పూర్తి తెలుపు, నారింజ ముక్కు రావడానికి రెండో ఏడు పడుతుంది. మగహంస కాపలా అంతా తెలుపుమీద గురిపెట్టినది: తన వాటాలో కనిపించిన ప్రతి తెల్లహంసా దానికి పోటీదారే. బూడిదరంగు మాత్రం మినహాయింపు. ఆ రంగు ఒంటిమీద ఉన్నన్నాళ్లు పిల్లకు చెరువులో ఉండటానికి అనుమతిపత్రం ఉన్నట్టే. ఒక్కో తెల్ల ఈక మొలిచినకొద్దీ ఆ పత్రం గడువు తగ్గిపోతుంది. మా జంటలో మిగిలిన నాలుగింటిలో మొదట తరుముడుకు గురైనది అన్నింటికన్నా ముందు తెల్లబడినదే. మట్టిరంగు ఎక్కువ మిగిలిన చివరి పిల్ల ఇంకో మూడువారాలు అక్కడే మేసింది.

ఒక చెరువులో ఒక జంటను చూసి ఇంత మాట అనవచ్చా అని అడిగితే, ప్రకృతే చేసిపెట్టిన ప్రయోగం ఒకటి ఉంది. కొన్ని మూగహంసలు పుట్టుకతోనే తెల్లగా ఉంటాయి, వాటి కాళ్లు నల్లగా కాక గులాబీ-బూడిద రంగులో ఉంటాయి. బాల్టిక్ తీరంనుంచి లండన్ కోళ్లవ్యాపారులు తెప్పించుకునేవారు కాబట్టి వీటికి పోలండ్ హంసలని పేరొచ్చింది. 1838లో విలియం యారెల్ అనే ఇంగ్లిషు ప్రకృతిశాస్త్రవేత్త వీటిని వేరే జాతిగా భావించి, రంగు మారనిది అనే అర్థంలో పేరు పెట్టాడు. నిజానికి జాతి ఒక్కటే; రంగుపదార్థం తయారీని నియంత్రించే ఒక జన్యువులో తేడా. ఆ జన్యువు లింగనిర్ణయం చేసే క్రోమోజోముమీద ఉంది. పక్షుల్లో మగదానికి ఆ క్రోమోజోము రెండు ప్రతులుంటాయి, ఆడదానికి ఒక్కటే. కాబట్టి తేడా ఉన్న ప్రతి ఒక్కటి వచ్చినా ఆడపిల్ల తెల్లగా పుడుతుంది, మగపిల్లకు రెండూ అలాంటివే రావాలి. అందుకే తెల్లపిల్లల్లో ఆడవే ఎక్కువ. ఈ తెల్లపిల్లలు తమ బూడిదరంగు తోబుట్టువులకన్నా ముందే తల్లిదండ్రుల ఆగ్రహానికి గురవుతాయి. అదే తల్లి, అదే తండ్రి, అదే చెరువు, అదే వయసు. తేడా ఒక్క రంగే కాబట్టి, తరుముడుకు మీట నొక్కేది రంగేనన్న మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అడగనక్కర్లేదు.

అయితే రంగు మీట మాత్రమే, కారణం కాదు. కారణం తెలియాలంటే స్కాట్లండ్‌కే వచ్చే ఇంకో హంసను చూడాలి. పసుపు-నలుపు ముక్కుతో ఉండే హూపర్ హంసలు ఐస్‌లాండ్‌లో పిల్లలను కని, అక్టోబరులో వందల కిలోమీటర్ల సముద్రం దాటి స్కాట్లండ్ పొలాలకూ చెరువులకూ చలికాలం గడపడానికి వస్తాయి. వాటి పిల్లలవీ బూడిదరంగే, వాటి పెద్దలవీ తెలుపే. కానీ ఆ కుటుంబాలు చలికాలమంతా కలిసే ఉంటాయి. తల్లిదండ్రులు పిల్లలను తరమకపోగా, మేత దగ్గర ఇతర కుటుంబాలను అడ్డుకొని పిల్లలకు చోటు చేస్తాయి. డంఫ్రీస్ దగ్గర కేర్లావరాక్ చిత్తడి నేలల్లో నవంబరులో ఒకసారి నిలబడి చూస్తే చాలు, ఇద్దరు తెల్లవాళ్ల మధ్య ముగ్గురు బూడిదవాళ్లు వరుసగా మేస్తూ ఎన్ని సంసారాలో కనిపిస్తాయి. ఒకే రకం పక్షుల్లో ఇంత తేడా ఎందుకంటే, హూపర్ హంస చలికాలం గడిపే చోటు, గూడు పెట్టే చోటు ఒకటి కాదు. స్కాట్లండ్ పొలం దానికి సత్రం; అక్కడ ఎవరు తిన్నా ఐస్‌లాండ్‌లోని దాని వాటాకు లోటు రాదు. పైగా పిల్లలకు దారి తెలియాలి. మూగహంసకు సత్రమూ ఇల్లూ ఒక్కటే. లిన్‌లిత్‌గోలో జనవరిలో నాలుగు పిల్లలు తినే నాచు, ఏప్రిల్‌లో ఆరు గుడ్లు పెట్టవలసిన తల్లి ఒంట్లోకి చేరవలసిన నాచు. ముందు గుర్తుంచుకోమన్న లెక్క ఇదే. తరిమేది పిల్లమీద కోపంతో కాదు, ఆ నీరు ఇంకో కుటుంబానికి, రాబోయే కుటుంబానికి కావాలి కాబట్టి.

తరిమివేయబడిన పిల్లలు ఎక్కడికి పోతాయన్నది తర్వాతి ప్రశ్న. గూడు పెట్టే వయసు రాని హంసలు ఒంటరిగా బతకవు. నదీముఖాల్లో, పెద్ద జలాశయాల్లో గుంపుగా చేరతాయి. బెర్విక్ పట్టణం దగ్గర ట్వీడ్ నది సముద్రంలో కలిసేచోట ఇలాంటి గుంపు బ్రిటన్‌లోనే పెద్దవాటిలో ఒకటి. వాటాలకోసం తన్నులాడుకోని ఈ మందలో రెండు మూడేళ్లు గడిపి, అక్కడే జత కుదుర్చుకొని, మూడో నాలుగో ఏట సొంత నీటికోసం బయలుదేరతాయి. జత కుదిరితే చాలావరకు జీవితాంతం కలిసే ఉంటాయి. గూడు చెడిన ఏడు విడిపోవడం మాత్రం అప్పుడప్పుడూ జరుగుతుంది. కాలికి అంకెలూ అక్షరాలూ ఉన్న ప్లాస్టిక్ వలయాలు వేసి దూరంనుంచి చదవడంవల్ల ఈ ప్రయాణాలు చాలావరకు తెలిశాయి.

మొదటి ఏడాది ప్రయాణంలో పెద్ద గండం కరెంటు తీగ. హంస కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంవల్ల నేరుగా ఎదుట ఉన్న సన్నని తీగ దానికి సరిగ్గా ఆనదు. ఆనినా అంత బరువుతో చప్పున పక్కకు తిరగలేదు. అందుకే హంసలు తిరిగే నీళ్ల దగ్గర తీగలకు ఎర్రటి, తెల్లటి గోళాలు వేలాడదీస్తారు. పూర్వం ఇంకో గండం ఉండేది: గాలపువాళ్లు పారేసే సీసపు గుళ్లు. గవ్వల్లాంటి చిన్న రాళ్లను మింగి కడుపులో మేతను నూరుకునే హంస, రాళ్లతోపాటు సీసాన్నీ మింగి మెడ వాల్చేసేది. 1987లో ఇంగ్లండ్, వేల్స్‌లు చాలా పరిమాణాల సీసపు గుళ్లను నిషేధించాక అక్కడ హంసల సంఖ్య మళ్లీ పుంజుకుంది. 2021 నుంచి వచ్చిన కొత్త గండం హెచ్5ఎన్1 పక్షిజ్వరం. గుంపుగా ఉండటమే రక్షణ అనుకున్న పక్షులకు ఆ గుంపే దారి అయింది.

హంస రెక్కతో కొడితే మనిషి చెయ్యి విరుగుతుందని బ్రిటన్‌లో ప్రతివాళ్లూ చెబుతారు. బోలు ఎముకలున్న రెక్కకు అంత శక్తి ఉందని నేను నమ్మను. అయినా మే నెలలో గూటికి పదడుగుల దూరంలో కుక్కను వదిలి ఆ సంగతి పరీక్షించమని ఎవరికీ చెప్పను.

ఫిబ్రవరి రెండో వారంలో వెళ్లేసరికి నాలుగు పిల్లల్లో మూడు కనిపించలేదు. నాలుగోది, మట్టిరంగు ఎక్కువ మిగిలి ఉన్నది, రాజభవనం ఎదుటి నీటినుంచి తరలి ఉత్తరపు గట్టున, పెద్దరోడ్డు హోరు వినిపించే చోట ఒంటరిగా మేస్తోంది. ఇవతలి గట్టున తండ్రి దాన్ని చూసింది. రెక్కలు సగం ఎత్తి, కాసేపు అలాగే ఉండి, దించుకుంది. మధ్యలో అంత నీరుంది కాబట్టి కాబోలు. తల్లి నిరుటి గూటి దిబ్బమీద ఎక్కి, చలికాలపు అలలకు కరిగిపోగా మిగిలిన జమ్మును ముక్కుతో అటూ ఇటూ కదుపుతోంది. ఒక కాడను తుంచి భుజం మీదుగా వెనక్కి విసిరింది. దాన్ని అందుకోవడానికి వెనక ఇంకా ఎవరూ లేరు.